ఫ్రాన్స్ పల్లెల్లో భోజనం... లారీలు ఆగిన చోటే!

సోమవారం మధ్యాహ్నం రెండుంబావు. లోట్ నది పక్కన రాతి ఇళ్ళ చిన్న ఊరు. కిటికీల్లో ఎర్రటి పూలు, చర్చి ముందు పెద్ద చెట్టు, అరుగు మీద ఎండ కాచుకుంటున్న పిల్లి. ఫొటోలకి అంతకంటే మంచి ఊరు దొరకదు. కానీ నా పక్కన నడుస్తున్న నాన్న నుదుటి మీద చెమటలు పడుతున్నాయి. చేతివేళ్ళు వణుకుతున్నాయి. "ఏం లేదులేరా, కొంచెం నీరసం" అంటున్నాడు. ఆయనకి పదిహేనేళ్ళుగా షుగరు. పొద్దున మాత్ర వేసుకున్నాక తిన్నది రెండు బ్రెడ్డు ముక్కలు.

ఊళ్ళో మూడు రెస్టారెంట్లున్నాయి. మొదటిదానికి సోమవారం సెలవు. రెండోది తెరిచే ఉంది, జనం కూర్చుని కాఫీలు తాగుతున్నారు. కానీ "వంట కట్టేశాం మస్యూ" అన్నాడు వెయిటరు. మూడోదాంట్లో కుర్చీలు బల్లల మీద బోర్లించి నేల తుడుస్తున్నారు. బ్రెడ్డు షాపు తలుపు మీద మళ్ళీ నాలుగింటికి తీస్తామని చీటీ. తొమ్మిదేళ్ళుగా టులూజ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఫ్రెంచి బాగానే మాట్లాడతాను. చేతిలో ఫోనుంది, జేబులో కార్డుంది. అయినా అమ్మానాన్నలకి ఓ ముద్ద పెట్టించలేకపోయాను.

చివరికి పోస్టాఫీసు పక్కన ఒక కెఫే కనిపించింది. అక్కడ వంట లేదు, కాఫీలు బీర్లూ అంతే. కౌంటర్ దగ్గరున్నావిడ నేను నోరు తెరిచేలోపే నాన్న ముఖం చూసి ఆరెంజ్ జ్యూస్ గ్లాసు తెచ్చి చేతిలో పెట్టింది. లోపలికెళ్ళి తన ఇంట్లోంచి బ్రెడ్డు, చీజ్ ముక్క, రెండు టమాటాలు పళ్ళెంలో పట్టుకొచ్చింది. కాసేపటికి వణుకు తగ్గింది. బిల్లు అడిగితే జ్యూస్‌కి మాత్రమే తీసుకుంది.

అమ్మ ఒకే ఒక్క మాట అంది. "పులిహోర కలుపుతానంటే వద్దన్నావు."

నిజమే. ముందు రోజు రాత్రి చింతపండు నానబోస్తానంటే నేనే ఆపాను. "ఫ్రాన్స్‌లో తిండికి కరువేంటమ్మా? లోకం మొత్తం ఇక్కడికి తినడానికే వస్తుంటే!" అన్నాను. ఫ్రెంచివాళ్ళ భోజన పద్ధతికి 2010లో యునెస్కో గుర్తింపు వచ్చిందని గొప్పలు కూడా చెప్పాను. ఆ పద్ధతిలో టైముకి ఎంత పట్టింపో నాకు ఆ సోమవారమే తెలిసొచ్చింది. ఇన్నాళ్ళూ నేను తిన్నది సిటీలో, ఆఫీసు క్యాంటీన్లో. పల్లెటూళ్ళంటే కారు అద్దంలోంచి చూడటమే.

పన్నెండు కొట్టగానే...

ఇక్కడి పల్లెల్లో మధ్యాహ్న భోజనం అంటే పన్నెండు నుంచి రెండు. నిజానికి ఒంటిగంటన్నర దాటి వెళ్తే వంటాయన ముఖం మాడిపోతుంది, రెండు దాటితే పొయ్యి ఆరిపోతుంది. మళ్ళీ వెలిగేది సాయంత్రం ఏడు, ఏడున్నరకే. మధ్యలో బతిమాలినా లాభం లేదు. మనకి విజయవాడ బస్టాండులో రాత్రి పదకొండుకైనా వేడి ఇడ్లీ దొరుకుతుంది కాబట్టి ఈ సంగతి ఓ పట్టాన మెదడుకెక్కదు. పైగా ఆదివారం రాత్రి, సోమవారం చాలా చోట్ల సెలవు. ఆదివారం మధ్యాహ్నం తెరిచి ఉన్నా కుటుంబాలన్నీ కలిసి భోంచేసే రోజది, ముందే చెప్పకపోతే కుర్చీ దొరకదు.

ఆ రాత్రి ఫీజాక్‌లో బస చేశాం. గదిలో కూర్చుని ఫోన్లో రేటింగులు, రివ్యూలు గాలిస్తున్నాను. నాలుగున్నర చుక్కలున్నవి, నాలుగున్నాయి అనుకున్నవి... నాన్న కాసేపు చూసి అన్నాడు: "ఒరేయ్, హోటలు బోర్డు చూడకూడదురా. బయట ఏం బళ్ళు ఆగాయో చూడాలి."

మా నాన్న ముప్పై ఒక్క ఏళ్ళు లారీ తోలాడు. విజయవాడ నుంచి నాగ్‌పూర్, విజయవాడ నుంచి కలకత్తా. ఏ ధాబాలో పప్పు బాగుంటుందో, ఎక్కడ నిన్నటి కూర వేడి చేసి పెడతారో ఆయనకి రోడ్డు పొడవునా కంఠతా. ఆయన మాట నేను నవ్వుతూ కొట్టిపారేశాను. ఇది ఫ్రాన్స్ నాన్నా అన్నాను.

మర్నాడు పదకొండు యాభైకి ఓ ఊరు దాటుతుంటే "ఆపు ఆపు" అన్నాడు. రోడ్డు పక్కన మామూలు ఇల్లు లాంటి హోటలు. పూలకుండీల్లేవు, ఇంగ్లీషు బోర్డు లేదు. కానీ ముందు వరసగా ఆరు తెల్ల వ్యాన్లు. పైన నిచ్చెనలు కట్టినవి, పక్కన ప్లంబరు పేరు, కరెంటు పనివాళ్ళ పేరు రాసి ఉన్నవి. ఫోన్లో చూస్తే ఆ హోటలుకి పట్టుమని పదిహేను రివ్యూలు కూడా లేవు. రోజూ వచ్చి తినేవాళ్ళు రివ్యూలేం రాస్తారు?

పలక మీద మూడు లైన్లు

గుమ్మం పక్కన ఓ పలక. అచ్చం మన ఒకటో తరగతి పలకే, కాస్త పెద్దది. దాని మీద సుద్దముక్కతో మూడు లైన్లు: మొదట తినేది, అసలు వంటకం, చివర తీపి. కింద 15 యూరోలు. అంటే దాదాపు 1500 రూపాయలు. "ఒక్క మనిషికా?" అని అమ్మ గుండె పట్టుకుంది. కానీ ముందు రోజు టూరిస్టుల ఊళ్ళో బయట పెట్టిన ధరలు చూశాం, ఒక్క సలాడ్ 19 యూరోలు. ధరలు గుమ్మం బయటే కనిపించాలని ఇక్కడ చట్టం ఉంది, అదొక మేలు. లోపల కూర్చున్నాక కంగు తినక్కర్లేదు.

పలక మీద రాసిన అసలు వంటకాన్ని ఇక్కడివాళ్ళు 'ప్లా ద్యు జూర్' అంటారు, ఈ రోజు వంటకం అని. ఇక్కడో తిరకాసుంది. మనం మెనూ అడిగితే వాళ్ళు ఇచ్చేది జాబితా కాదు. 'మెన్యు' అంటే ఫ్రెంచిలో మూడు రకాలూ కలిపి ఒకే ధరకి పెట్టే భోజనం. జాబితా కావాలంటే 'కార్త్' అనాలి. పల్లెల్లో మధ్యాహ్నం పూట కార్త్ అడక్కపోవడమే మంచిది. దాన్లోంచి ఏరుకుంటే ధర రెట్టింపవుతుంది, వంట మాత్రం అదే చెయ్యి.

చవగ్గా ఎందుకొస్తుందో నాన్నకే ముందు అర్థమైంది. "ఇది మన మెస్సేరా" అన్నాడు. అంతే మరి. పొద్దున వంటాయన నలభై మందికి సరిపడా ఒకే కూర వండుతాడు. గంటన్నరలో గిన్నెలు ఖాళీ. మిగిలేది లేదు, పారేసేది లేదు. వచ్చేవాళ్ళంతా చుట్టుపక్కల పనిచేసేవాళ్ళు. రేపు మళ్ళీ వాళ్ళే రావాలి కాబట్టి ఇవాళ మోసం చేస్తే కుదరదు. ఈ ధర సోమవారం నుంచి శుక్రవారం దాకా, మధ్యాహ్నం మాత్రమే. రాత్రికీ ఆదివారానికీ అదే హోటల్లో లెక్క వేరు.

బ్రెడ్డుకి డబ్బుల్లేవు, ఎంత తింటే అంత. నీళ్ళు కూడా ఉచితమే, అయితే అడిగే పద్ధతిలో అడగాలి. 'ఓ' అంటే నీళ్ళు. ఉత్తినే నీళ్ళు కావాలంటే సీసా తెచ్చి బిల్లులో వేస్తారు. 'ఉన్ కరాఫ్ దో' అంటే కుళాయి నీళ్ళు కూజాలో తెస్తారు. ఆ ఒక్క మాట అమ్మకి నేర్పించాను. తర్వాత ప్రతి హోటల్లోనూ తనే ఆర్డరిచ్చింది. టిప్పు సంగతి కూడా బెంగ పెట్టుకోనక్కర్లేదు, సర్వీసు ధరలోనే కలిసి ఉంటుంది.

ఆ రోజు వంటకం బాతు. తన కొవ్వులోనే తను సన్నటి సెగ మీద గంటల తరబడి ఉడికిన బాతు కాలు. ఈ ప్రాంతానికి అదే పేరు. నాన్న ఎముక దాకా తిని, గోదావరి అవతల ఎప్పుడో తిన్న బాతు కూర గుర్తు చేసుకున్నాడు. అమ్మ మాంసం మానేసి పదేళ్ళయింది. గుడ్డు కూడా ముట్టదు. పక్కనే ఎర్రగా వేగిన ఆలుగడ్డ ముక్కలు చూసి "ఇవి నాకు పెట్టించరా" అంది. ఎందుకో అనుమానమొచ్చి అడిగాను. ఆ వేపుడు కూడా బాతు కొవ్వులోనే! ఇక అమ్మకి మిగిలింది ఆకుల సలాడ్, బ్రెడ్డు, ఓ పండు. 1500 రూపాయల భోజనంలో తను తిన్నది మూడొందలది కూడా కాదు. ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

అమ్మ పళ్ళెం

శాకాహారులకి దాచకుండా చెప్పాల్సిన మాట: ఫ్రాన్స్ పల్లెల్లో మీకు కష్టమే. అసాధ్యం కాదు గానీ ముందు చూపు కావాలి. 'వియాంద్' తిననంటే వాళ్ళు దాన్ని ఎర్ర మాంసం అనుకుని చేపో, హ్యామ్ ముక్కలో పెట్టొచ్చు. అందుకని విడివిడిగా చెప్పాలి: ని వియాంద్, ని ప్వాసోఁ, ని జాంబోఁ. మాంసం వద్దు, చేప వద్దు, హ్యామ్ వద్దు. (ఫ్రెంచి ముక్కు పలుకులు రాయడానికి మన అరసున్న ఇన్నాళ్ళకి పనికొచ్చింది.) 'లార్దోఁ' అనేది ఇంకో దొంగ, చిన్న చిన్న పంది మాంసం ముక్కలు. సలాడ్‌లో, కూరల్లో పోపు గింజల్లాగా చల్లేస్తారు. గొడ్డు మాంసం తిననివాళ్ళు 'బెఫ్', 'వో' అన్న మాటలు గుర్తు పెట్టుకోవాలి. రెండోది దూడ.

బుధవారం ఓబ్రాక్ పీఠభూమి ఎక్కాం. కనుచూపు మేరా గడ్డి, గోధుమరంగు ఆవులు, మధ్యలో ఒంటరి రాతి కొట్టాలు. ఒకప్పుడు చీజ్ తయారుచేసే కాపర్లు వేసవిలో వాటిల్లో ఉండేవాళ్ళు. ఇప్పుడు కొన్నిట్లో భోజనం పెడుతున్నారు. ఇక్కడి వంటకం అలిగో. ఉడికిన ఆలుగడ్డ మెత్తగా మెదిపి, వెన్న, మీగడ, కాస్త వెల్లుల్లి, మాగబెట్టని తాజా చీజ్ వేసి, పొయ్యి మీద కర్ర గరిటెతో ఆపకుండా తిప్పుతారు. గరిటె పైకెత్తితే తాడులా మనిషి ఎత్తు సాగుతుంది. పక్కన సాసేజ్ పెట్టడం ఆచారం. అది లేకుండా పెట్టమంటే వడ్డించేవాడు రెండో గరిటె అలిగో వేశాడు. అమ్మ తృప్తిగా తిన్నది ఆ ట్రిప్పులో అదే మొదటిసారి. "పెరుగన్నంలా కడుపులో చల్లగా ఉందిరా" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంగతేంటంటే, ఇక్కడి సంప్రదాయ చీజుల్లో చాలావాటికి పాలు విరగ్గొట్టేది దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్‌తో. ఇది నాకు తెలుసు. మధ్యాహ్నం చెప్పలేదు. తను అంత ఇష్టంగా తింటుంటే నోరు రాలేదు. మర్నాడు పొద్దున చెప్పేశాను. అమ్మ కాసేపు కిటికీలోంచి బయటికి చూసి "తిన్నాక చెప్తావేంట్రా" అంది. మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు. ఇంట్లో శాకాహారులుంటే, దయచేసి బయల్దేరేముందే చెప్పండి. తినాలో వద్దో వాళ్ళు తేల్చుకుంటారు. మనం తేల్చకూడదు.

నేర్చుకున్న ఇంకో పని ఆ రోజే చేశాను. పొద్దున పదింటికి, ల్ ప్యుయి దగ్గర ఓ చిన్న హోటలుకి ఫోన్ చేశాను. వంటాయన పొయ్యి మీద పప్పు ఇంకా ఎక్కించి ఉండడు, మనుషులు ఇంకా రాలేదు, మాట్లాడే తీరికుంటుంది. అదే పన్నెండున్నరకి వెళ్ళి నిలబడి ఇది వద్దు అది వద్దు అంటే ఎంత మంచివాడికైనా చికాకే. చిన్న హోటళ్ళలో ఫోనెత్తేది చాలాసార్లు వంటమనిషో, ఆయన భార్యో. "మా అమ్మ మాంసం, చేప, గుడ్డు, చీజ్ తినదు" అన్నాను. అటువైపు రెండు క్షణాలు నిశ్శబ్దం. తర్వాత ఆవిడ "ల్ ప్యుయి లెంటిల్స్ తింటారా?" అంది.

ల్ ప్యుయి అగ్నిపర్వతాల నేల. అక్కడ పండే చిన్న ఆకుపచ్చ లెంటిల్స్‌కి 1996లో ఆ ఊరి పేరు మీదే ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. మన మైసూరు పప్పు జాతివే, పొట్టుతో ఉంటాయి. మామూలుగా పంది మాంసంతో వండుతారు. ఆవిడ అమ్మ కోసం విడిగా ఉల్లిపాయ, క్యారెట్, ఆకులతో వండింది. మాంసం రసం బదులు నీళ్ళే పోశానని తనే వచ్చి చెప్పింది. పక్కన వేయించిన గుమ్మడి, బీన్స్. 16 యూరోలు. అమ్మ నాతో మాట్లాడటం మొదలుపెట్టింది అక్కడే: "ఎండుమిరపకాయ ఉందేమో అడుగు."

రాత్రుళ్ళ సంగతి ఎక్కువ చెప్పను. పల్లెల్లో రాత్రి భోజనం దొరకడం కష్టం, ధరా ఎక్కువే. మేం మధ్యాహ్నమే గట్టిగా తిని, రాత్రికి వంటగది ఉన్న బసల్లో అన్నం వండుకున్నాం. సూపర్ మార్కెట్ పెరుగు, అమ్మ తెచ్చిన మాగాయ. కొన్ని ఇళ్ళలో గది అద్దెకిచ్చి, ఇంటివాళ్ళతో పాటే బల్ల దగ్గర భోజనం పెడతారు, 'తాబ్ల్ దోత్' అంటారు. మాంసం తినేవాళ్ళకి అది చాలా బాగుంటుంది. గది మాట్లాడుకున్నప్పుడే భోజనం సంగతీ చెప్పాలి.

టైర్ల కంపెనీకి తిండితో పనేంటి?

మిషలాఁ పుస్తకం, దాని స్టార్ల గురించి నాన్నకి చెబితే "మిచెలిన్ టైర్లా?" అన్నాడు. అవే. 1900లో క్లెర్మోఁ ఫెరాఁలో టైర్లు చేసే అన్నదమ్ములిద్దరు కార్లవాళ్ళకి ఉచితంగా పంచిపెట్టిన పుస్తకం అది. జనం ఎక్కువ తిరిగితే టైర్లు ఎక్కువ అరుగుతాయి కదా. స్టార్లు 1926లో మొదలయ్యాయి. మనలాంటివాళ్ళకి స్టార్ల కంటే పనికొచ్చేది 'బిబ్ గుర్మాఁ' గుర్తు. తగిన ధరకి మంచి భోజనం పెట్టేచోట్లకి 1997 నుంచి ఇస్తున్నారు. 2014 నుంచి ఇంకో గుర్తు కూడా ఉంది, ఇంటి పైకప్పు మూతగా ఉన్న గిన్నె బొమ్మ. అక్కడే పచ్చి సరుకుతో వండినదని అర్థం. కానీ నాకు దొరికిన మంచి హోటళ్ళు కొన్నిట్లో ఈ బొమ్మలేవీ లేవు.

నాన్నకి మాత్రం వేరే బోర్డు నచ్చింది. గుండ్రంగా, సగం ఎరుపు సగం నీలం, మధ్యలో 'లే రూతియే' అని. అంటే లారీ డ్రైవర్లు. 1934 నుంచి ఉన్న గుర్తు అది. టోల్ రోడ్ల మీద కనిపించదు, పాత జాతీయ రహదారుల పక్కన ఉంటుంది. ల్ ప్యుయి నుంచి టులూజ్‌కి వెనక్కొచ్చే ఎన్ 88 రోడ్డు మీద శుక్రవారం పన్నెండుంబావుకి అలాంటిది కనిపించింది. ముందు మైదానంలో పెద్ద పెద్ద లారీలు. నాన్న ముందు హోటల్లోకి వెళ్ళలేదు. లారీల చుట్టూ తిరిగి టైర్లు లెక్కపెట్టుకుని, ఒకదాని బంపరు మీద చెయ్యేసి, అప్పుడొచ్చాడు.

పొడుగాటి బల్లలు, ఎవరి పక్కన ఎవరైనా కూర్చోవచ్చు. మొదటి రకాలన్నీ బల్ల మీద పరిచి ఉన్నాయి, ఎవరికి కావాల్సింది వాళ్ళు పెట్టుకోవడమే. బీట్‌రూట్, క్యారెట్ తురుము, టమాటా, బీన్స్, లెంటిల్స్... అమ్మ రెండు పళ్ళేలు నింపుకుంది. తర్వాత కోడికూర, తర్వాత చీజ్, తర్వాత తీపి, కాఫీ. అన్నీ కలిపి 16 యూరోలు.

నాన్న ఎదురుగా యాభై ఏళ్ళ డ్రైవరు. నాన్న రెండు చేతులతో స్టీరింగ్ తిప్పినట్టు చూపించి, తన గుండె మీద వేలు పెట్టుకున్నాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. ఇక నేను దుబాసీని. ఎన్ని టన్నులు, ఎన్ని గేర్లు, ఎంత దూరం. ఆయన గడియారం చూసుకుని, తనకింకా ఇరవై నిమిషాలుందన్నాడు. ఎందుకంటే, నాలుగున్నర గంటలు తోలాక 45 నిమిషాలు ఆగాలని ఇక్కడ రూలు. లారీలో ఉన్న యంత్రం అంతా నమోదు చేస్తుంది, ఆగకపోతే జరిమానా. ఇది చెప్పగానే నాన్న చెంచా కింద పెట్టాడు.

"తినడానికి ఆగకపోతే ఫైనా?" అన్నాడు. "మాకు ఆగితే ఫైను రా. లోడు దిగితేనే తిండి. నాగ్‌పూర్ రూట్లో అన్నం రాత్రి రెండింటికి తిన్న రోజులెన్నో."

నేను అది ఫ్రెంచిలోకి మార్చి చెప్పాను. డ్రైవరు ఏమీ అనలేదు. బ్రెడ్డు బుట్ట నాన్న వైపు జరిపాడు.

అమ్మానాన్నా విజయవాడ వెళ్ళిపోయి నెల దాటింది. ల్ ప్యుయిలో అమ్మ నా మాట వినకుండా రెండు కిలోల ఆకుపచ్చ లెంటిల్స్ కొనుక్కుంది. మొన్న ఫోన్ చేసింది. మూడు విజిల్స్ పెట్టినా, నాలుగు పెట్టినా గింజకి గింజ విడిగానే ఉంటోందట. వాటి గొప్పే అది, ఉడికినా చితకవని చెప్పాను.

"మరి పప్పుగుత్తి ఎందుకురా?" అని ఫోను పెట్టేసింది.